తగ్గాక వేసుకునే మాత్ర

పువ్వుకీ పుండుకీ ఒకటే పేరు మన భాషలో.
దేముడమ్మ నడుం మీద పూసిన తామర రెండోది.
గుండ్రంగా, అంచు ఎర్రగా, నడుమ మామూలు చర్మం,
టీ గ్లాసు ఎత్తాక బల్ల మీద మిగిలే వలయంలా.

ఫిషింగ్ హార్బర్ వెనక రొయ్యలు ఒలిచే షెడ్డు.
నాలుగింటికే ఐసు నీళ్లలో చేతులు,
మోకాళ్ల దాకా తడిసిన చీర,
బొడ్డు దగ్గర బిగించిన ముడి కింద
మధ్యాహ్నమైనా ఆరని చెమట.
జూన్‌లో విశాఖ గాలే ఒక తడిగుడ్డ.
ఇక్కడ బూజుకి ఎవరూ విత్తనం వెయ్యక్కర్లేదు.

"బాబూ, గోకుడు మందియ్యి" అని కౌంటరు మీదికి చెయ్యి చాపింది.
ఇచ్చాను.
ముప్పై అయిదు రూపాయల ట్యూబు.
చీటీ నేనడగలేదు, తను తేలేదు.
మూడో రోజు వచ్చి దండం పెట్టింది:
"నీ సేతిలో ఏటో ఉంది నాయినా,
మంత్రమేసినట్టు పోనాది."

నా చేతిలో ఉన్నది స్టెరాయిడ్.
అది మంట ఆర్పదు, పొగని దాస్తుంది.
నాకు తెలీదని చెప్పను.
డి.ఫార్మసీ పుస్తకంలో ఆ వాక్యం కింద
ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నాను,
పరీక్షకి.

వానలు తగ్గేలోగా ఆరు ట్యూబులు.
వలయం పక్కన వలయం, వలయంలో వలయం,
నడుం నుంచి తొడలకి,
ఒకే తువ్వాలు మీదుగా కోడలికి,
ఒకే చాప మీదుగా మనవడి మెడకి.
అంగన్‌వాడీ నుంచి పిల్లాణ్ణి ఇంటికి పంపేసిన రోజు
ఏడో ట్యూబు కోసం వచ్చింది.
చర్మం ఉల్లిపొరలా పల్చబడి మెరుస్తోంది.

సోమవారం షాపుకి సెలవు పెట్టి
నేనే తీసుకెళ్లాను కేజీహెచ్‌కి.
ఎందుకని ఆవిడ అడగలేదు.

చర్మవ్యాధుల ఓపీలో ఒక చిన్న డాక్టరమ్మ
బ్లేడు వీపుతో అంచుని గీకి
తెల్లపొట్టు గాజుపలక మీద రాల్చింది.
చుక్క మందు వేసి, కాసేపాగి, కన్ను ఆనించింది.
"చూస్తారా?" అంది నాతో.
కొమ్మలు కొమ్మలుగా దారాలు.
"ఏటి బాబూ, ఎలాగుంది?"
"వలలా ఉందమ్మా."
"మరైతే సేప నానే" అని నవ్వింది దేముడమ్మ.
నేను నవ్వలేకపోయాను.

సంచిలోంచి ఖాళీ ట్యూబు బయటపడింది.
డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసి "ఎవరిచ్చారిది?" అంది.
గోడ గడియారం వంక చూశాను.
అది ఆగిపోయి ఎన్నాళ్లయిందో.
"ఏమో తల్లీ, ఎవులో" అంది దేముడమ్మ.

రోజూ అన్నం తిన్నాక ఇట్రాకొనజోల్.
పూతమందు మచ్చ దాటి రెండు వేళ్ల మేర.
ఇంటిల్లిపాదికీ ఒకేసారి. తువ్వాళ్లు వేరు.
"దురద పోయిందని మానకండి,
నేను ఆపమన్నప్పుడే ఆపాలి.
తడిబట్ట ఒంటి మీద ఉంచొద్దు."
"ఉంచకుండా రొయ్యలెలాగ ఒలవాలి తల్లీ?"
డాక్టరమ్మ పెన్ను ఆగింది.
దానికి మాత్రం మందు రాయలేదు.

మూడో వారం దాటాక
సగం మిగిలిన స్ట్రిప్పులు కౌంటరు మీద పెట్టింది.
"పోనాది. ఇయ్యి ఎనక్కి తీసుకుని డబ్బులియ్యి,
పిల్లడికి చెప్పులు కొనాల."
"కనపడనిది ఇంకా ఉందమ్మా. ఇవి దానికి."
నా మొహంలోకి చాలాసేపు చూసింది.
"నీ మాట ఒకపాలి ఇన్నాను..."
అని, తక్కినది మింగి,
స్ట్రిప్పులు కొంగున ముడేసుకుంది.
ఆ కొంగు తడిగానే ఉంది.

ఆమె మెట్లు దిగిందో లేదో
బోటు మీద పనిచేసే కుర్రాడొకడు,
చంకలో గోక్కుంటూ: "అన్నా, గోకుడు మందు."
వెనక ఓనరు దగ్గాడు.
మూడో అర, ఎడమ పక్క.
చెయ్యి అలవాటుగా అటే లేచింది.
దించడానికి
ఇంతసేపు పడుతుందనుకోలేదు.